వడ్డీకి పూచీ సర్కారుది, నీళ్లకు పూచీ ఎవరిది?

సర్కారు పని సాగదు, ప్రైవేటుకిస్తే చకచకా అయిపోతుందనే మాట ఇప్పుడు రచ్చబండ దాకా వచ్చింది. కాలువ కట్టేసిన రోజుల్లో పూడికతీత తీరు చూసిన కూలీలే అంటున్నారు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది. కానీ నీళ్ల విషయంలో ఈ పోటీ మన తెలుగునేల మీద ఎప్పుడో జరిగిపోయింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఖర్చు సర్కారుది. ఆనాటి సర్కారు అంటే ఈస్టిండియా కంపెనీయే లెండి. దయతో కట్టలేదు. కరువులకు జనం చచ్చి, వలసపోయి శిస్తు పడిపోయింది గనుక కట్టింది. వేలాది కూలీలు రాళ్లు మోశారు. డెల్టాకి నీళ్లొచ్చాయి, శిస్తూ పెరిగింది.

అది చూసి లండన్‌లో డబ్బున్నవాళ్లకి నోరూరింది. 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. దాన్ని ప్రోత్సహించింది కూడా మన కాటన్ దొరే! తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట, అక్కణ్ణుంచి కర్నూలు-కడప కాలువ. పెట్టుబడి 10 లక్షల పౌన్లు, దానిమీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు పూచీ. కాలువ పారినా పారకపోయినా షేరుదారుకి వడ్డీ ముట్టాల్సిందే. ఎక్కణ్ణుంచి? రైతు కట్టే శిస్తులోంచి. వాన పడినా పడకపోయినా నీ కూలి ఆగదని మనకెవడైనా పూచీ పడ్డాడా? డబ్బు చాలక కంపెనీ మళ్లీ సర్కారు దగ్గరే అప్పు చేసింది. అనుకున్న ఆయకట్టు రాలేదు. చివరికి 1882లో సర్కారే కాలువని కొనేసింది. నీళ్లు రాని కడప రైతు అన్నాళ్లూ లండన్‌లో ఎవరి తలుపు కొట్టాలి?

అలాగని సర్కారు ముద్ర ఉంటే చాలదు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో పేలిన గ్యాస్ పైపు ప్రభుత్వరంగ గెయిల్‌దే. 20 మందికి పైగా బలైపోయారు. ప్రభుత్వరంగం కదా అని దాన్ని వెనకేసుకు రావాల్సిన పని మనకి లేదు.

తేడా ఒక్కటే, ఇక్కడ అడగడానికి ఆఫీసుంది. 2005 సమాచార హక్కు చట్టం ఇరిగేషన్ ఆఫీసుకి వర్తిస్తుంది, ప్రైవేటు కంపెనీ పద్దులకి నేరుగా వర్తించదు. పూడికతీత కంట్రాక్టరుకిచ్చినా, ఎంత పని జరిగిందో రాసే ఎం.బుక్కు ఆఫీసులోనే ఉంటుంది. ఈసారి కాలువ కట్టేసినప్పుడు సంఘం తరఫున దాని నకలు అడగండి. నకలు చేతబట్టుకుని, ఆ పని చూసిన కూలీల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికెళ్లి కొలవండి.