ఒరలో కృపాణం

హైదరాబాద్ కిషన్‌బాగ్ దగ్గర సిక్కు ఛావ్నీ ఉంది. ఛావ్నీ అంటే దండు విడిది. 1832 ప్రాంతంలో నిజాం కొలువు కోసం పంజాబ్ నుంచి మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజు దిగింది అక్కడే. వాళ్ల వారసులే దక్కనీ సిక్కులు.

వాళ్లలో కొందరికి భుజం మీదుగా ఏటవాలుగా దిగే పట్టీ, దానికి వేలాడే ఒరలో చిన్న కృపాణం. తెలుగువాళ్లకు కృపాణం అనే మాట పద్యాల్లో విన్నదే. అమృతం పుచ్చుకుని ఖల్సా దీక్ష తీసుకున్న సిక్కుకైతే ఒంటిమీద ఉండాల్సిన 5 గుర్తుల్లో అదొకటి.

ఆయుధం పట్టమన్న మతమే దానికి హద్దూ గీసింది. 1699లో ఖల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజాన్ని, నిలబెట్టిన గురు గోవింద్ సింగ్, తర్వాత ఔరంగజేబుకు ఫారసీలో రాసిన జఫర్‌నామా అనే లేఖలో చెప్పింది అదే: మిగతా దారులన్నీ మూసుకుపోయాకే కత్తి. ఆయన 1708లో కన్నుమూసింది మన గోదావరి ఒడ్డునే, నాందేడ్‌లో.

కృపాణం ధరించడం మతాచరణలో భాగమేనని రాజ్యాంగం 25వ అధికరణ వివరణ ఒప్పుకుంది. దేశీయ విమానం ఎక్కితే మాత్రం అలుగు 6 అంగుళాలు దాటకూడదు.