ప్రొవెనెన్స్

ఒక పుస్తకం ఎవరెవరి చేతులు మారి ఇప్పుడున్న చోటికి చేరిందో ఆరా తీయడమే ప్రొవెనెన్స్ పరిశోధన. నాజీలు పుస్తకాలు తగలబెట్టారని అందరికీ తెలుసు. అంతకన్నా శ్రద్ధగా దోచుకున్నారు కూడా. నాజీ నాయకుడు ఆల్‌ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ దళం యూరప్‌లోని యూదుల గ్రంథాలయాలను ఊడ్చేసింది. 1946లో అమెరికా సైన్యం జర్మనీలోని ఆఫెన్‌బాఖ్‌లో ఈ దోపిడీ పుస్తకాల కోసం డిపో తెరిచి, లక్షలాది పుస్తకాలు వెనక్కి పంపింది. హీబ్రూ రాని పనివాళ్లు కూడా లైబ్రరీ ముద్రల ఫొటోలతో పోల్చి వాటిని వేరుచేశారు.

బెర్లిన్ నగర గ్రంథాలయమైతే, బలవంతంగా తరలించిన యూదుల ఇళ్లలోని 40 వేలకు పైగా పుస్తకాలను 1943లో తాకట్టు కార్యాలయం నుంచి కొనుక్కుంది! లైబ్రేరియన్లు ఇప్పుడు వారసులను వెతుకుతున్నారు. ఆధారం చాలాసార్లు అట్ట లోపలి సంతకమే. దోచిన పెయింటింగులకు దక్కినంత శ్రద్ధ ఈ పుస్తకాలకు దక్కలేదు; చాలావాటికి వేలంలో పెద్ద ధర రాదు మరి.