లెక్క చూసి చంపినవాడు

హంతకుడనగానే మతి చెడినవాడో, కోపం పట్టలేనివాడో మన కళ్లముందు మెదులుతాడు. వరుసగా ఇరవై మందిని చంపినవాడంటే ఇక చెప్పనక్కరలేదు, వాడు మనిషే కాదంటాం. కాని కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలో ‘సయనైడ్ మోహన్’గా పేరుపడిన మోహన్‌కుమార్ సంగతి చూస్తే అలా ఒక్క మాటతో తోసిపుచ్చటానికి వీలుండదు. ఇతడు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. 2003 నుంచి 2009 వరకు ఇరవై మంది స్త్రీలను పొట్టనపెట్టుకున్నాడు. అన్నేళ్లూ ఆ చావులన్నీ ఒక్కడి పనేనని ఎవరికీ తట్టలేదు.

నేరశాస్త్రంలో ఒక వాదం ఉంది. నేరస్థుడు కూడా సంతలో బేరగాడి వంటివాడేనట. లాభమెంత, శ్రమ ఎంత, దొరికిపోయే ప్రమాదమెంత అని చూసుకునే దిగుతాడట. 1764లో శిక్షలను గురించి రాస్తూ ఇటలీ దేశస్థుడు బెకారియా ఈ ఆలోచనకు పునాది వేశాడు. 1980 దశకంలో కార్నిష్, క్లార్క్ అనే పండితులు దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. అంతకు కొద్దిగా ముందు, 1979లో, అమెరికాలో కోహెన్, ఫెల్సన్ మరో మాట చేర్చారు. నేరం చేయదలచినవాడు, అనువుగా దొరికే మనిషి, అడ్డుపడే కాపలా లేకపోవటం, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే నేరం జరుగుతుందని. మంచె మీద మనిషి లేని చేలోనే పందులు పడతాయని తెలిసిన రైతుకు ఇందులో వింతేమీ లేదు.

ఈ కొలతతో మోహన్‌కుమార్ చేసిన పని చూద్దాం.

అతడు ఎంచుకున్నది పెళ్లీడు దాటుతున్న పేదింటి ఆడపిల్లలను. కట్నం ఇచ్చుకోలేక సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు అవి. ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరు చెప్పేవాడు. ఆ పిల్లది ఏ కులమైతే తనదీ అదే కులమనేవాడు, సర్కారు ఉద్యోగమనేవాడు, కట్నం అక్కరలేదనేవాడు. ఈ చివరి మాట ఒక్కటి చాలదా? పెళ్లి చేసుకుందామని పిలిస్తే, ఉన్న నాలుగు నగలూ పెట్టుకుని ఇంట్లో చెప్పకుండా ఆ పిల్ల బయలుదేరేది.

దూరపు ఊళ్లో బస్టాండు దగ్గర లాడ్జిలో రాత్రి బస. తెల్లవారాక నగలు గదిలోనే ఉంచమని చెప్పి బస్టాండుకు తీసుకువెళ్లేవాడు. గర్భం రాకుండా ఉండే మాత్ర అంటూ చేతిలో పెట్టి, మరుగుదొడ్డిలోకి వెళ్లి వేసుకోమనేవాడు. అది సయనైడు. కంసాలి పని చేస్తానని చెప్పి కొన్నది. ఆమె లోపల కుప్పకూలేటప్పటికి ఇతడు లాడ్జికి తిరిగివెళ్లి నగలు మూటకట్టుకునేవాడు.

ఇందులో ఆవేశమేమైనా ఉందా? మైసూరు, మడికేరి, హాసన్, బెంగళూరు, ఇలా ఊళ్లు మార్చాడు. ఒక ఊరి పోలీసులకు మరో ఊరి శవం సంగతి తెలియదు. గొళ్లెం లోపలినుంచి వేసివుంది, విషం తనే మింగింది, ఒంటిమీద దెబ్బ లేదు, ఆనవాలు పట్టేవారు లేరు. అసహజ మరణమని రాసి కాగితాలు కట్టేసేవారు.

అతని లెక్కలో అన్నిటికంటె గట్టి అంకె మాత్రం బస్టాండులో లేదు, ఆ పిల్లల ఇళ్లలో ఉంది. పెళ్లికాని కూతురు చెప్పకుండా వెళ్లిపోతే తల్లిదండ్రులు పోలీసుస్టేషను గడప తొక్కటానికి సిగ్గుపడతారు. ఎవరితోనో లేచిపోయిందని ఊరు అనేస్తుంది. వెళ్లి చెప్పినా, ఎక్కడో కాపురం చేసుకుంటూ ఉంటుందిలే అనేవారే ఎక్కువ. కోహెన్, ఫెల్సన్ చెప్పిన కాపలా అంటే పోలీసు ఒక్కడే కాదు, వెతుక్కుంటూ వచ్చే అన్నా, బాబాయీ కూడా. ఎవరూ రారని అతడు పందెం కాశాడు. పందెం ఏళ్ల తరబడి నెగ్గింది.

2009 జూన్‌లో బంట్వాళ తాలూకాలో ఒక యువతి కనిపించకుండా పోయినప్పుడు ఆ పందెం తప్పింది. ఆమె వేరే మతం యువకుడితో వెళ్లిపోయిందని పుకారు పుట్టి, జనం పోలీసుస్టేషను ముందు ఆందోళనకు దిగారు. పుకారు అబద్ధమే. కాని ఆ ఒత్తిడితో పోలీసులు ఆమె ఫోను కాల్స్ జాబితా తీయించారు. అది కనిపించకుండా పోయిన మరో స్త్రీ ఫోనుకు దారితీసింది, అక్కడినుంచి ఇంకొకరికి. ఆ గొలుసు పట్టుకునిపోయి అక్టోబరులో మోహన్‌కుమార్‌ను అరెస్టు చేశారు. నిజమేమిటో వెతికి కాక, అబద్ధం నమ్మి గోల చేసినందువల్ల ఇతడు దొరకటం విచిత్రమే.

ఈ వాదంతో అన్నీ తేలిపోతాయనుకోవద్దు. అతడు ఎలా చంపాడో, ఎందుకు అంతకాలం దొరకలేదో ఇది చక్కగా చెబుతుంది. నాలుగు నగల కోసం మాత్ర చేతిలో పెట్టటానికి ఆ మనసు ఎలా ఒప్పిందో చెప్పదు. కట్నం లేని పేదరికం ఎందరికో ఉంది, నగల మీద ఆశా ఎందరికో ఉంది, అందరూ సయనైడు కొనటం లేదు కదా.

కోర్టులో మోహన్‌కుమార్ తన కేసు తానే వాదించుకున్నాడు. 2013 డిసెంబరులో మంగళూరు కోర్టు మొదటి మూడు కేసులలో మరణశిక్ష విధించింది. 2017లో హైకోర్టు ఒక కేసులో దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఇరవయ్యో కేసులో తీర్పు 2020 జూన్‌లో వెలువడింది. అప్పటికి అతడు అరెస్టయి పదేళ్లు దాటింది.