ధూల్‌పేట పానం ఎట్లున్నది? జిల్లా సగటు చెప్పని లెక్కలు

ఏటా బడ్జెట్ టైంల మన సర్కారు సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్ అని ఒక లావు పుస్తకం బయట పెడ్తది. అండ్ల అందరి నోట్ల నానే నంబర్ ఒకటుంటది. అదే తలసరి ఆదాయం. 2024-25కు తెలంగాణ తలసరి 3,79,751 రూపాయలు. అయిదుగురున్న ఇంటికి లెక్క కట్టుండ్రి. నెలకు లక్షా యాభై ఎనిమిది వేలు అయితది. మీ ఇంట్ల గంత వస్తున్నదా? ధూల్‌పేటల వాకిట్ల కూసోని పతంగులకు కాగితం అతికించే అక్కను గిదే అడిగితే నవ్వుతది.

ఆ పుస్తకం అబద్ధం చెప్తలేదు. కానీ అది చెప్పేది వేరు, మనం అనుకునేది వేరు. నేను పెద్ద సదువులు సదువుకున్నోన్ని కాదు. బస్తీలల్ల తిరుక్కుంట, కనబడ్డ రిపోర్టు సదువుకుంట తెలుసుకున్నది చెప్తున్న. ఒక జిల్లా ఆర్థికం మంచిగున్నదా లేదా అని ఎట్ల కొలుస్తరు, ఆ కొలతల ఎవలు కనబడరు, మన ఊరి లెక్క మనమే ఎట్ల తీయాలె అన్నదే ముచ్చట.

సగటు చేసే మాయ

జిల్లాల ఏడాది పొడుగునా తయారైన సరుకు, జరిగిన సేవల విలువ అంత కూడితే జిల్లా స్థూల ఉత్పత్తి. దాంట్ల యంత్రాల అరుగుదల అసొంటియి తీసేసి, మిగిలింది జనాభాతోని భాగిస్తే తలసరి. కంపెనీల లాభం అండ్లనే, బ్యాంకుల లాభం అండ్లనే. ఎవల చేతికి ఎంత పోయిందన్నది అండ్ల ఉండది.

పది మందిని తీస్కుందాం. తొమ్మిది మందికి నెలకు పదివేలు, ఒక్కనికి అయిదు లక్షలు. సగటు 59 వేలు. కానీ వరుసగ నిలబెట్టి నడిమిల ఉన్న మనిషిని అడిగితే పదివేలే అంటడు. దీన్నే మధ్యగతం అంటరు. నేను నడిమి మనిషి లెక్క అంట. సగటు పెద్దోని దిక్కు గుంజుకపోతది, నడిమి మనిషి అసలు సంగతి చెప్తడు.

హైదరాబాద్ జిల్లా మొత్తం కలిపి 217 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం 39.43 లక్షల మంది. బంజారాహిల్స్ అండ్లనే, ధూల్‌పేట అండ్లనే. రెండిటికీ ఒక్కటే సగటు.

ఇంకో తమాషా చూడుండ్రి. 2016 అక్టోబర్ 11 దాకా వికారాబాద్, తాండూరు, పరిగి రంగారెడ్డి జిల్లాల ఉండె. ఆ రోజు జిల్లాలు విడగొట్టిన్రు. ఐటీ కంపెనీలున్న మాదాపూర్, గచ్చిబౌలి రంగారెడ్డిల్నే ఉన్నయి. ఇప్పుడు తలసరిల రంగారెడ్డి రాష్ట్రంల ఫస్టు, వికారాబాద్ కింది వరుసల. గీత గీసిన తెల్లారి తాండూరు రైతు కూలి తగ్గలే, మాదాపూర్ ఇంజనీరు జీతం పెరగలే. మారింది గీత, మారింది సగటు. గందుకే "మా జిల్లా ఫస్టు" అని ఎవలన్న అంటే, గీత ఏడ గీసిన్రో ముందు అడగాలె.

లెక్కకు రాని ధూల్‌పేట

ధూల్‌పేటల ఎక్కువ మంది లోధీలు. ఉత్తరాది నుంచి నిజాం కాలంల వచ్చినం అని చెప్పుకుంటరు. వినాయక విగ్రహాలు, పతంగులు ఈడి పని. దాంతోపాటు గుడుంబా మచ్చ కూడ ఏండ్లకేండ్లు ఈ పేరుకు అంటుకోని ఉన్నది.

రాష్ట్రం వచ్చినంక గుడుంబా మీద సర్కారు గట్టిగ పడ్డది. మానేసినోళ్లకు వేరే పని చేసుకోమని మనిషికి రెండు లక్షల రూపాయల దాకా పునరావాస సాయం అన్నది. గుడుంబా పోవుడు మంచిదే. అది తాగి ఎన్ని ఇండ్లు ఆగమైనయో మన ఊర్లకు తెల్వనిది కాదు. కానీ లెక్కల సంగతి చూడుండ్రి. దొంగ సరుకు కూడ ఉత్పత్తే, లెక్క కట్టాలె అని అంతర్జాతీయ లెక్కల పద్ధతి చెప్తది. బ్రిటన్ 2014ల గట్లనే డ్రగ్స్ అమ్మకాన్ని కూడ తన జీడీపీల కలిపింది. మన దేశంల కలుపరు. అంటే గుడుంబా ఉన్నప్పుడు ఆ పైసలు జిల్లా లెక్కల లేవు. అది బందైనప్పుడు ఇండ్లళ్ల పొయ్యి ఆరినా జిల్లా లెక్కల రూపాయి తగ్గలే. అదే తాగేటోడు వైన్ షాపుకు పోతే ఆ అమ్మకం, దాని మీద పన్ను మాత్రం రాష్ట్ర ఉత్పత్తిల కలుస్తయి. ఒక ఇంటి కష్టం కనబడదు, సర్కారు గల్లా కనబడ్తది.

చిన్న పనుల లెక్క కూడ గంతే. ఇంట్ల చేసే పనులకు ఖాతాలుండయి. సర్వేలల్ల ఒక మనిషి పని విలువ ఇంత అని తీసి, జిల్లాల ఎంతమంది ఉన్నరో దాంతోని గుణిస్తరు. 2021ల కావాల్సిన జనగణన టైముకు కాలే, ఆ మంది లెక్క కూడ పాతదే. ఇగ కార్మికుల సర్వేల, మొగుడు చేసే విగ్రహానికి మట్టి కలిపిచ్చే ఆడామె కూడ "పనిల ఉన్నట్టే". పైసా కూలి లేకున్నా పనిల ఉన్నట్టే. ఉపాధి శాతం పెరిగిందని పేపర్ల వస్తే, అండ్ల జీతం లేని పని ఎంతో కూడ చూడాలె.

మనమే కొలిచే నాలుగు కొలతలు

ఒకటి, పని నెలలు. ఏడాదిల ఎన్ని నెలలు పని దొరుకుతది? విగ్రహాల పని చవితికి నెలల ముందుగాల మొదలై నిమజ్జనంతోని అయిపోతది. పతంగుల పని సంక్రాంతి దాకనే. ఒకే పండుగ మీద బతికే బస్తీకి ఒక్క దెబ్బ చాలు. 2020ల కరోనా వచ్చి మండపాలు బందైతే, చేసిన విగ్రహాలు షెడ్లళ్లనే ఉండిపోయినయి. అదే ఏడాది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. చెరువులు కాపాడాల్సిందే. కానీ మట్టి పనికి మారేటందుకు టైము, జాగ, పెట్టుబడి ఎవలు ఇస్తరన్నది కూడ లెక్కనే.

రెండు, రూపాయి తిరుగుడు. మీ ఊరి మండపానికి ధూల్‌పేట నుంచి వినాయకున్ని తెచ్చిన్రు అనుకుందాం. ఆ పైసలల్ల రాజస్థాన్ నుంచి వచ్చే ప్లాస్టర్‌కు ఎంత, రంగుల కంపెనీకి ఎంత, షెడ్డు కిరాయికి ఎంత, మిత్తికి ఎంత? మిగిలిందే బస్తీల తిరుగుతది. వంద రూపాయలు వచ్చినప్పుడు ప్రతి చేయి మీద అరవై అక్కడనే ఖర్చు అయితే, చేతులు మారుకుంట ఆ వంద మొత్తం 250 రూపాయల బేరం చేస్తది. ఇరవయ్యే నిలిస్తే 125 తోనే ఆగుతది. వచ్చిన పైస కన్నా నిలిచిన పైస ముఖ్యం. మన పత్తి, మన వడ్లు కూడ గిట్లనే చూడాలె.

మూడు, అప్పు ధర. పండుగకు పెట్టుబడి బ్యాంకు ఇస్తలేదంటే గిరిగిరి దిక్కు పోవాల్సిందే. ఉదాహరణకు పదివేలు అని రాసుకోని చేతికి 8,500 ఇస్తరు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలె. మిత్తి పదిహేను వందలే కదా అనిపిస్తది. కానీ రోజూ కట్టుకుంట పోతే సగటున మన దగ్గర ఉండేది సగం పైసలే. ఏడాదికి లెక్క కడితే నూటికి నూరు దాటుతది. జిల్లాల డిపాజిట్లకు అప్పులు ఎంత శాతం అని బ్యాంకులు ఒక నిష్పత్తి చెప్తయి. అది పల్లె, చిన్న టౌన్ల బ్రాంచీలల్ల 60 శాతం ఉండాలని రిజర్వ్ బ్యాంక్ లక్ష్యం. మీ జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను అడుగుండ్రి. పెద్ద కంపెనీలకు ఇచ్చిన అప్పు తీసేసి చిన్నోళ్లకు ఎంత ఇచ్చిన్రో కూడ అడుగుండ్రి.

నాలుగు, నడిమి ఇల్లు. ముప్పై ఇండ్ల ఆమ్దానీ రాసి వరుసగ పెట్టి నడిమి ఇంటిని పట్టుకోండ్రి. ఆ ఇల్లు పని లేని నెలల ఏం అమ్మింది, ఏం కుదువ పెట్టింది, ఏ పిలగాడు బడి మానిండు? గవే అసలు నాడి.

పోలీసు లెక్క, బతుకు లెక్క

ఈ పని మనోళ్లకు కొత్తది కాదు. దాదాభాయ్ నౌరోజీ ఎటువంటి కంప్యూటర్ లేకుండనే 1867-68కి మన దేశపు తలసరి 20 రూపాయలు అని తేల్చిండు. జైల్ల ఖైదీ తిండికీ బట్టకే అంతకన్నా ఎక్కువ అయితున్నదని పక్కన పెట్టి చూపెట్టిండు. దేశం సొమ్ము ఎట్ల బయటికి పోతున్నదో చెప్పిండు.  అంకెకు గా బలం ఉంటది.

ధూల్‌పేటకు ఇయ్యాల ఉన్నది ఒకటే లెక్క, కేసుల లెక్క. 2024 జూలైల ఎక్సైజ్ శాఖ గంజాయి మీద ఆపరేషన్ ధూల్‌పేట పెట్టింది. ఎన్ని దాడులు, ఎందర్ని పట్టిన్రు, ఎన్ని కిలోలు దొరికినయి అని పేపర్ల వచ్చింది. గంజాయి పోవాలె, దాంట్ల రెండో మాట లేదు. కానీ గుడుంబా పోయిన జాగల గంజాయి ఎట్ల వచ్చిందో కేసుల లెక్క చెప్పదు. ఖాళీగ ఉన్న నెలల లెక్క చెప్తది. పునరావాస సాయం తీసుకున్న ఇండ్లల్ల ఎన్ని ఇండ్లకు ఇయ్యాల పని ఉన్నదన్న లెక్క చెప్తది. కేసుల నంబర్ పక్కనే గా రెండు నంబర్లు కూడ ఏటా బయట పెట్టాలని అడుగుతున్న.

మీ ఊర్ల పోలీసు లెక్క లేకపోవచ్చు, వలస లెక్క ఉంటది. నలుగురు దోస్తులు, ఒక నోటుబుక్కు, రెండు ఐతారాలు చాలు. పేర్లు రాయకుండ్రి, ఇంటి నంబర్లు కూడ వద్దు, జవాబులే రాయుండ్రి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభ పెట్టిన రోజు నిలబడి సదువుండ్రి. సగటు చూపెట్టి మనల్ని ఊకోబెట్టేటోళ్లకు జవాబు గా నోటుబుక్కుల్నే ఉంటది.