ఎప్పుడూ ఎడమకే!

అటక సర్దటానికి ఎక్కిన మనిషి ఆ పని పూర్తిచేసి దిగటం లోకంలో ఎక్కడా జరగదు. మొన్న వేసవిలో మా ఆవిడ పోరు పడలేక నేనూ ఎక్కాను. ఇత్తడి బిందెల వెనక ఒక అట్టపెట్టె, అందులో ఒక డిస్కు కనిపించాయి. అంతే, అటక సంగతి అక్కడితో సరి!

అది 2003 ఫిబ్రవరిలో వెలువడిన కారు పందేల ఆట. పేరు ‘నాస్కార్ రేసింగ్ 2003 సీజన్’. ఆ రోజుల్లో నేను అమెరికాలో, ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో ఉద్యోగం చేస్తూ, మరి ముగ్గురు తెలుగువాళ్లతో కలిసి ఒకే యింట్లో వుండేవాణ్ణి. అక్కడివాళ్లకు ఈ పందేలంటే మన కోస్తాలో సంక్రాంతికి కోడిపందేలంత పిచ్చి. ఆ పిచ్చి మాకూ అంటుకున్నది. వంట వంతు ఎవరిదో ఈ ఆటలోనే తేల్చుకునేవాళ్లం. నేను చాలా రోజులు వంట చేశాను లెండి.

ఆనాటి కంప్యూటరు కూడా అటక మీదే వున్నది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, ఆట పెట్టాను. మావాడు వచ్చి చూశాడు. వాడికి పద్నాలుగేళ్లు.

“ఇదేం ఆట, నాన్నా! గానుగెద్దులా గుండ్రంగా తిరగటమేగా? ఎప్పుడూ ఎడమకేగా?” అన్నాడు.

“అయితే కూర్చో” అన్నాను.

మావాడు అన్నదానిలో అబద్ధం లేదు. నాస్కార్ పందేలు చాలావరకు అండాకారపు బాటల మీదే, ఎడమవైపు తిరుగుతూ జరుగుతాయి. ‘స్టాక్ కారు’ అంటే మొదట్లో అంగట్లో జనం కొనుక్కునే మామూలు కారే. అమెరికా దక్షిణాది కొండల్లో దొంగసారా మోసేవాళ్లు, పోలీసులకు చిక్కకుండా వుండటానికి మామూలు కార్ల యంజన్లకే పదును పెట్టేవారు. ఎవరి బండి జోరైనదో తేల్చుకోవాలని తమలో తాము పందేలు వేసుకునేవారు. ఈ పందేలకు ఒక కట్టుబాటు తెస్తూ 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడింది. ఇప్పటి కార్లు పందేలకోసం ప్రత్యేకంగా తయారైనవే గాని, పాత పేరు మాత్రం నిలిచిపోయింది.

మావాడికి నేను ఎంచి పెట్టినది డార్లింగ్టన్ బాట. దక్షిణ కరోలినాలో 1950లో కట్టిన ఈ బాట కోడిగుడ్డు ఆకారంలో, ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. భూమి అమ్మినాయన తన చేపల చెరువు జోలికి పోవద్దన్నాడట. అందుకని ఆ పక్కన బాటను యిరుకు చేయవలసి వచ్చిందని చెబుతారు. చెరువులోని చిన్న చేపలమాట ఎలా వున్నా, డ్రైవర్ల ప్రాణం మీదికి వచ్చింది. రెండు కొసల మలుపులూ ఒక తీరున వుండవు. గోడకు ఒరుసుకోకుండా బయటపడిన కారు అరుదు. పైగా అప్పటి గరుకు బాట టైర్లను ఆకురాయిలా అరగదీసేది.

మావాడు యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు. మొదటి మలుపులోనే గోడ. మళ్లీ మొదలు. మళ్లీ గోడ. ఎనిమిది సార్లు ఇదే వరస. తొమ్మిదోసారి ఎలాగో పది చుట్లు నెగ్గుకు వచ్చాడు. అక్కడి నుంచి కారు మాట వినటం మానేసింది.

“వెనక్కి తిప్పే మీట ఏది, నాన్నా?”

ఈ కాలపు ఆటలు చాలావాటిలో తప్పు చేస్తే ఒక మీట నొక్కి, పది క్షణాలు వెనక్కు వెళ్లి దిద్దుకోవచ్చు. ఇందులో పందెం నడుస్తుండగా ఆ సదుపాయం లేదు. మూడో చుట్టులో దుడుకుగా తిప్పిన తిప్పుకు టైరు వేడెక్కి అరుగుతుంది. దాని ఫలితం ఇరవయ్యో చుట్టులో అనుభవించాలి. షెడ్డులోకి వెళ్లి చూస్తే ఒక్కొక్క టైరు లోపలి అంచున, నడుమ, బయటి అంచున ఎంత వేడి ఎక్కిందో అంకెలు కనిపిస్తాయి. చేసిన తప్పు అక్కడ పద్దు రాసి వుంటుంది.

మావాడికి 1950 నాటి సంగతి చెప్పాను. డార్లింగ్టన్‌లో తొలి 500 మైళ్ల పందేనికి 75 కార్లు దిగాయి. జోరుగా పోయినవాళ్లు టైర్లు పగలగొట్టుకుని, మార్చుకుంటూ కూర్చున్నారు. జానీ మాంట్జ్ అనే ఆయన చిన్న ప్లిమత్ కారుకు గట్టిరకం టైర్లు వేసుకుని, నిదానంగా తిరుగుతూ, అందరికన్న తొమ్మిది చుట్లు ముందుండి గెలిచాడు. ఈ ఆట వచ్చిన 2003 మార్చిలోనే, అదే బాట మీద, రికీ క్రేవెన్ సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో నెగ్గాడు. బాట ఒకటే, ఒకరికి తొమ్మిది చుట్లు, మరొకరికి రెప్పపాటులో వందోవంతైనా లేదు!

ఈ ఆటను చేసినది మసాచుసెట్స్‌లోని పాపిరస్ అనే చిన్న సంస్థ. డేవిడ్ కెమ్మర్ దానికి మూలపురుషుడు. 2004 నుంచి నాస్కార్ ఆటలు చేసే హక్కు మరొక పెద్ద కంపెనీ వశమైంది, పాపిరస్ మూతపడింది. ఆట మాత్రం చావలేదు. అభిమానులు దానికి కొత్త బాటలు, కొత్త కార్లు తామే తయారుచేసుకుంటూ ఏళ్ల తరబడి ఆడుతూ వచ్చారు. కెమ్మర్ ఆ పాత ఆట పునాది మీదనే ‘ఐరేసింగ్’ అనే కొత్తదాన్ని కట్టి 2008లో జనానికి అందించాడు. మా షార్లెట్ కుర్రవాడే విలియం బైరన్, యింట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఐరేసింగ్‌లో తొలి పాఠాలు నేర్చి, తరవాతే నిజం కారు ఎక్కాడు. 2024లోను, 2025లోను డేటోనా 500 పందెం వరసగా గెలిచాడు. చుట్టూ తిరిగే ఆటే బడి అయింది!

ఆ రాత్రి మావాడు పడుకోలేదు. మలుపుకు ముందే కాలు తీయటం, కారు తనంతట తాను దిగేదాకా ఓర్చుకోవటం, మెల్లగా మళ్లీ తొక్కటం – ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. దూరం తగ్గించి పెట్టిన పందెంలో 43 కార్లలో 31వ వాడుగా వచ్చాడు.

“గోడకు తగల్లేదు, నాన్నా!” అన్నాడు. ఏ పరీక్షలో మార్కులు చెప్పినప్పుడూ వాడి గొంతులో ఆ గర్వం వినలేదు.

మర్నాడు మా ఆవిడ, “ఏమండీ, మిగతా అటక ఎవరు సర్దుతారు?” అన్నది.

పందెం వేసుకున్నాం. వాడు నిదానంగా నడిపాడు. నేను తొందరపడ్డాను.

అటక నేనే సర్దాను.