కూలర్ హోరు పోతుంది... డీజే మోత పోదు!

ముప్పై వేలు పెట్టి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనాలనుకుంటున్నారా? ఫీచర్ల లిస్టు తర్వాత చూద్దురు గానీ, ముందు మీ చుట్టూ ఉన్న చప్పుడేంటో వినండి. మే నెలలో ఆదిలాబాద్‌లో రాత్రంతా హోరుమనే కూలరా? కరీంనగర్ నుంచి హైదరాబాద్ దాకా 160 కిలోమీటర్లు గుయ్‌మంటూనే ఉండే బస్సు ఇంజినా? లేక పక్క గల్లీలో బరాత్ డీజేనా? మొదటి రెండైతే పెట్టిన పైసలకు ఫాయిదా ఉంటుంది. మూడోదైతే జర ఆగండి.

ఎందుకంటే, వీటిలోని చిన్న మైకులు బయటి చప్పుడును పట్టుకుంటాయి. లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి చెవి దగ్గర వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకే తీరుగా సాగే బొంగురు మోతకు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. హారన్, కుక్కల అరుపులు, పక్క సీటాయన ఫోన్ ముచ్చట క్షణక్షణానికీ మారుతుంటాయి, కీచుగానూ ఉంటాయి. వాటిని ఆపేది చాలావరకు చెవి చుట్టూ ఉన్న కుషనే. ఇక డీజే అంటారా, కిటికీ అద్దాలనే అదరగొట్టే జోరు ముందు ఈ బుల్లి స్పీకర్లు ఏం చేస్తాయి!

అసలు ఇవి పుట్టిందే విమానం కోసం. 1978లో జ్యూరిక్ నుంచి వస్తూ, ఇంజిన్ మోతలో పాట సరిగా వినపడక అమర్ బోస్ ఆలోచనలో పడ్డారు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన మనిషి. ఆ ఆలోచనే ముందు పైలట్ల హెడ్‌సెట్‌గా, 2000లో మనలాంటివాళ్లు కొనే క్వైట్‌కంఫర్ట్‌గా బయటికొచ్చింది.

పాట బాగా వినపడటం ఒక్కటే కాదు, చెవుల సంగతీ ఉంది. బస్సు మోతను మించి వినాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే! చుట్టూ మోత తగ్గితే సగం వాల్యూమ్‌లోనే పాట హాయిగా వినపడుతుంది. నా లెక్కలో ఈ ధరకు అసలు సమాధానం ఇదే. అలాగని సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు వీటిని చెవులకు రక్షణ అనుకోవద్దు. దానికి ఫ్యాక్టరీల్లో వాడే ఇయర్‌మఫ్‌లే పెట్టుకోవాలి.

ఇక ఏది కొనాలి? సోనీ ఎక్స్ఎం5 బరువు 250 గ్రాములే, చార్జింగ్ 30 గంటలు వస్తుంది. కానీ మడత పడదు, బ్యాగులో చోటు తింటుంది. తర్వాత వచ్చిన ఎక్స్ఎం6లో మడత మళ్లీ తెచ్చారు. బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా కూడా మడత పడుతుంది, 24 గంటలు వస్తుంది. సెన్‌హైజర్ మొమెంటమ్ 4 అయితే ఏకంగా 60 గంటలు. ఆదిలాబాద్ నుంచి తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ లాంటి దూర ప్రయాణాలు ఎక్కువుంటే నేను దీనివైపే మొగ్గుతాను. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాములు, 20 గంటలు. మన దగ్గరికి వచ్చినప్పుడే ధర 59,900. ఐఫోన్ లేనివాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంట్లో వాడేవాళ్లు ఒకటి గమనించండి. కూలర్ గాలి నేరుగా మైకులకు తగిలితే అదే కొత్త చప్పుడవుతుంది, కొంచెం పక్కకు జరగాలి. రైల్లో తెరిచిన కిటికీ పక్కన కూడా ఇదే తంతు. ఇంకోటి, మన ఎండాకాలంలో చెవిని మొత్తం మూసే హెడ్‌ఫోన్స్ గంట దాటితే లోపల చెమట. అది పడనివాళ్లు అదే కంపెనీల ఇయర్‌బడ్స్ చూసుకోవడం నయం.

షాపులో పాట పెట్టి చూపిస్తారు. పాట ఆపేయమనండి! మీ ఫోన్‌లో బస్సు ఇంజిన్ చప్పుడు వీడియో పెట్టి పక్కన ఉంచి, నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి వినండి. కళ్లద్దాలుంటే వాటితోనే పెట్టుకోండి, కాడల దగ్గర సందు పడితే సగం పని చెడుతుంది. పది నిమిషాలు తీయకుండా ఉంచండి, నెత్తి మీద బరువు అప్పుడే తెలుస్తుంది. బిల్లు కట్టే ముందు కుషన్లు విడిగా దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అని అడగండి. చెమటకు ముందు పాడయ్యేవి అవే.