గిడ్డంగిలో సైగచేయు దీపములు

పెద్ద మందుల దుకాణమునకు పోయి చీటీ ఇచ్చినచో, అచ్చటి గుమాస్తా ఒకసారి దానివంక చూచి, వెనుకకు తిరిగి, వందలకొలది డబ్బాల నడుమనుండి కావలసినదానిని క్షణములో తీసి బల్లమీద పెట్టును. చూచువారికి ఇది కనికట్టువలె తోచును. నిజమునకు అతడు వెదకుట లేదు. ఆ డబ్బా ఉండు చోటు అతని చేతికే తెలియును. అతడు చెల్లెలి పెండ్లికని వారము దినములు సెలవు పెట్టినపుడు, క్రొత్తగా చేరిన కుర్రవాడు అదే డబ్బాకొరకు నిచ్చెన ఎక్కుచు దిగుచు ఆయాసపడుట చూచినచో వెదకుట ఎంత పనియో తెలియగలదు.

కొన్ని వందల వస్తువులవరకు మనుష్యుని జ్ఞాపకశక్తి చాలును. కాని పెద్ద ఆసుపత్రి మందుల గిడ్డంగిలోగాని, మోటారుబండ్ల విడిభాగములు నిలువచేయు గిడ్డంగిలోగాని వేలకొలది రకముల వస్తువులుండును. అచ్చట ఏ ఒక్కని జ్ఞాపకమును నమ్ముకొనుటకు వీలులేదు. గిడ్డంగులు, కర్మాగారముల అమరికను గూర్చి అమెరికాలో టామ్‌కిన్స్, ఆయన సహచరులు వ్రాసిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథములో ఒక లెక్క కలదు. తిరిగి తిరిగి చేతితో సరుకు తీయు పనివాని కాలములో సుమారు సగము నడకకే పోవును. నూటికి 20 వంతులు వెదకుటకు, 10 వంతులు పనికి సిద్ధమగుటకు పోవును. వస్తువును అరనుండి చేతిలోనికి తీసికొనుటకు, అనగా అసలు పనికి, పట్టునది నూటికి 15 వంతులు మాత్రమే. జీతము ఎక్కువగా నడకకును వెతుకులాటకును ఇచ్చుచున్నారన్నమాట.

నడకను తప్పించుటకు యంత్రములు వచ్చినవి. వీని సూత్రమంతయు ఒక్కటే: మనిషి సరుకు వద్దకు పోవుటకు మారుగా సరుకే మనిషి వద్దకు వచ్చును. కొన్ని యంత్రములలో అరలన్నియు తిరునాళ్లలోని రంగులరాట్నమువలె అడ్డముగా తిరుగును. కొన్నింటిలో గొలుసుకు వ్రేలాడదీసిన అరలు నిలువుగా పైకెక్కి క్రిందికి దిగును. జపమాలలో పూసలు తిరిగినట్లు తిరుగును కనుక, ఈ గొలుసు ఏర్పాటుకు ఐరోపావారు జపమాలతో చెప్పు క్రైస్తవ ప్రార్థన పేరే, పాటర్‌నోస్టర్ అని, పెట్టుకొనిరి. ఇప్పుడు విరివిగా వాడుకలోనున్న మరియొక రకము నిలువుపాటి లిఫ్టు బీరువా. ఇది పది మీటర్లకు మించి కూడ ఎత్తుండవచ్చును. దీనిలో ముందొక వరుస, వెనుకొక వరుసగా పళ్లెరములు పేర్చియుండును. నడుమ ఒక లిఫ్టు పైకి క్రిందికి తిరుగుచు, కావలసిన పళ్లెరమును లాగికొని, పనివాని నడుము ఎత్తునకు అమర్చిన కిటికీవద్దకు తెచ్చి నిలుపును. తిరిగి లోపల పెట్టునపుడు దానిలోని సరుకు ఎత్తును కాంతికిరణములతో కొలిచి, అంతకు సరిపోవు ఖాళీలోనే సర్దును. చోటు వృథా చేయుటలో మనకన్న ఈ యంత్రమే పిసినారి. ఇక 2003లో అమెరికాలో నెలకొల్పబడిన కీవా అను సంస్థ పొట్టి మరబండ్లను తయారుచేసినది. ఇవి అరల బీరువా క్రిందికి దూరి, దానిని బీరువాపళముగా ఎత్తుకొని, పనివాడు నిలుచున్న చోటికి మోసికొనివచ్చును. 2012లో అమెజాన్ సంస్థ ఈ కంపెనీని 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను.

నడక పోయినది. వెదకుట మాత్రము పోలేదు. లిఫ్టు బీరువా తెచ్చిన పళ్లెరములో నలుబదియో యేబదియో చిన్న గడులుండవచ్చును. అన్నిటను ఇంచుమించు ఒకే తీరు మరలు, ఒకే తీరు సీసాలు. పనివాడు చేతిలోని కాగితము చూచి, గడిపై అంటించిన నంబరు చూచి, మరల కాగితము చూచి, తీయవలెను. ఈ చూపు మార్పిడిలోనే ఒక వరుస తప్పి ప్రక్క వరుసలో చేయి పెట్టుట జరుగును. ఇచ్చటనే దీపము ప్రవేశించును. ప్రతి గడి ముందు ఒక చిన్న దీపము, దాని ప్రక్క రెండుమూడు అంకెలు చూపు పలక, ఒక మీట ఉండును. కావలసిన గడివద్ద దీపము వెలుగును. పలకపై 3 అని కనబడును. పనివాడు మూడు తీసి మీట నొక్కును. దీపము ఆరిపోవును. చదువుట, సరిపోల్చుట అను రెండు పనులు తగ్గినవి.

ఈ పనికి పూర్వపు తీగబల్బులకన్న ఎల్.ఇ.డి. దీపములు మిక్కిలి అనువైనవి. కంటికి కనబడు ఎర్రని కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో నిక్ హోలోన్యాక్ నిర్మించెను. సైగకు వాడు చిన్న ఎర్ర ఎల్.ఇ.డి.కి సుమారు రెండు వోల్టులు, ఇరువది మిల్లీ ఆంపియర్లు చాలును. అట్టివి వేయి ఒక్కసారి వెలిగినను నలుబది వాట్లకు మించదు. దీనిలో కాగి తెగిపోవు తీగ లేదు. గిడ్డంగిలో ఇది చిన్న విషయము కాదు. చెడిపోయి ఆరిన దీపమును పనివాడు ‘ఇచ్చట పనిలేదు’ అను అర్థముగనే తీసికొనును గదా! అందుచేత ఉదయము పని మొదలుపెట్టుటకు ముందు దీపములన్నిటిని ఒక్కమారు వెలిగించి చూచికొనుట మంచి పద్ధతి.

వేయి దీపములకు వేయి జతల తీగలు లాగినచో గిడ్డంగి సాలెగూడు కాగలదు. దానికొక ఉపాయము కలదు. దీపములన్నియు ఒకే తీగవెంట వరుసగా తగిలించి, ప్రతిదానికి ఒక నంబరు ఇత్తురు. కంప్యూటరు తీగలోనికి ‘417వ దీపమా, వెలుగుము, 3 చూపుము’ అను సంకేతము పంపును. వీధిలో తపాలా బంట్రోతు గుమ్మము నంబరు కేకవేసినపుడు ఆ ఇంటివారు మాత్రమే బయటికి వచ్చినట్లు, సంకేతము అన్ని దీపములను చేరినను తన నంబరు విన్న దీపమే పలుకును. పనివాడు నొక్కిన మీట వార్తకూడ అదే దారిన వెనుకకు పోవును.

కన్ను ఇంత త్వరగా దీపమును ఎట్లు పట్టుకొనును? పచ్చిమిరపకాయల రాశిలో ఒకే ఒక పండుమిరపకాయ ఉన్నచో దానిని వెదకనక్కరలేదు. అదే వచ్చి కంట పడును. రాశి వీశెడైనను మణుగైనను ఇంచుమించు అంతే కాలము పట్టును. కాని పొట్టి పండుకాయలు, పొడవు పచ్చికాయలు కలిపిన రాశిలో ఒక పొడవైన పండుకాయను పట్టుకొనవలెనన్నచో ఒక్కొక్కదానిని చూచుకొనుచు పోవలసినదే; రాశి పెరిగినకొలది కాలమును పెరుగును. ఈ భేదమును 1980లో ఆన్ ట్రీజ్‌మన్, గారీ జెలాడ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రయోగములతో చూపిరి. రంగువంటి ఒక్క లక్షణముతో వేరుపడు వస్తువు కంటికి తనంత తానే తోచును. రెండు లక్షణముల కలయికతో గుర్తింపవలసినది తోచదు. గడులపై అంటించిన నంబర్లు చదువుట బియ్యములో తెల్లరాళ్లు ఏరుట వంటిది. చీకటి దీపముల నడుమ వెలిగిన ఒక్క దీపము పండుమిరపకాయ.

అయితే ఈ మేలు దీపము ఒంటరిగా ఉన్నంతవరకే. ఒకే వరుసలో నలుగురు పనిచేయునపుడు ఒక్కొక్కనికి ఒక్కొక్క రంగు కేటాయింతురు. ఎరుపు వెలుగుచుండగనే ఆకుపచ్చ, నీలము, పసుపు కూడ వెలుగుచుండును. అప్పుడు ‘వెలిగినది’ అనుటతో సరిపోదు, ‘నా రంగు వెలిగినది’ కావలెను. రంగుకు తోడు మిణుకుటను కూడ గుర్తుగా పెట్టినచో మరల బియ్యములో రాళ్లు వచ్చినట్లే. పైగా ఎరుపును ఆకుపచ్చను వేరుచేసి చూడలేనివారు ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు ఎనిమిదిమంది. తక్కిన జాతులలో తక్కువైనను లేకపోలేదు. కనుక ఈ రెండు రంగులనే నమ్ముకొని ఏర్పాటు చేయుట తెలివితక్కువ.

దీపములనే తలక్రిందులు చేసియు వాడుదురు. తీసిన సరుకును ఏ ఖాతాదారుని పెట్టెలో వేయవలెనో ఆ పెట్టెవద్ద దీపము వెలుగును. పళ్లెరములో గడికొక దీపము పెట్టుట వీలుకానిచోట, పైనుండి లేసరు కిరణమొకటి గడిమీద చుక్క పెట్టును.

ఇంతవరకు దీపము మహిమ. ఇక దానికి తెలియని సంగతి. దీపము వస్తువును చూపుట లేదు, చోటును చూపుచున్నది. ఆ చోట ఏమున్నదో దానికి తెలియదు. ఏమి ఉండవలెనో లెక్కపుస్తకములో వ్రాసినదే దానికి తెలిసినది. తీయువాని తప్పును ఇది తగ్గించును. నింపువాని తప్పును మాత్రము అంతే ధీమాగా చూపును.

2006 సెప్టెంబరులో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమందొక ఆసుపత్రిలో జరిగిన విషాదము దీనికి నిదర్శనము. నెలలు నిండక పుట్టిన శిశువుల వార్డులో సొరుగులుగల మందుల యంత్రబీరువా ఉండెను. శిశువుల నరములలో అమర్చిన సన్నని గొట్టములలో నెత్తురు గడ్డకట్టకుండ హెపారిన్ అను మందు వాడుదురు. వారికి కావలసినది మిల్లీలీటరుకు 10 యూనిట్లుగల సీసా. బీరువా నింపిన ఉద్యోగి పొరపాటున ఆ సొరుగులో పెద్దలకు వాడు 10,000 యూనిట్ల సీసాలను పెట్టెను. రెండును ఒకే పరిమాణము. రెంటి చీటీలును నీలిరంగువే. యంత్రము అడిగిన సొరుగునే తెరచినది. ఆ సొరుగులో ఎన్నడును శిశువుల మందు తప్ప వేరొకటి చూడని నర్సులు సీసాను తీసి వాడిరి. ఆరుగురు శిశువులకు వేయిరెట్ల మోతాదు ఎక్కినది. ముగ్గురు మరణించిరి.

నర్సులు చీటీ చదివియుండవలసినదని తేలికగా అనవచ్చును. కాని వేయిసార్లు నిజము చెప్పిన యంత్రము వేయిన్నొకటవసారి కూడ నిజమే చెప్పునని నమ్ముట మానవస్వభావము. విమానచోదకుల విషయములో ఈ గుణమును 1990 తరువాతి దశకములో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కాథ్లీన్ మోసియర్, లిండా స్కిట్కా పరీక్షించి, యంత్రముపై మొగ్గు అని దానికి పేరుకూడ పెట్టిరి. వెదకుట తప్పించిన దీపము, దానితోపాటు చూచుటను కూడ కొంత తప్పించుచున్నది. దీనికి నర్సును నిందించి ప్రయోజనము లేదు. మార్చవలసినది ఏర్పాటును.

అందుకే నేడు నేర్పుగల గిడ్డంగులలో, మందుల బీరువాలలో శ్రద్ధ అంతయు సరుకు నింపునప్పుడే చూపుదురు. నింపువాడు ముందు సీసాపైనున్న బార్‌కోడు చారలను యంత్రమునకు చదివించవలెను. చదివిన పిమ్మటనే దాని గడివద్ద దీపము వెలుగును. గడి దీపమును చూచి ఏది పెట్టవలెనో అతడు నిర్ణయించుట కాదు, చేతిలోని సీసాను బట్టి దీపము వెలుగుట. తీసిన తరువాత మరల చారలను చదివించిన ఇంకను మేలు. కొన్నిచోట్ల గడి క్రింద తూకపు యంత్రము పెట్టి, మూడు తీయవలసినచోట నాలుగు తీసినచో పట్టుకొందురు. ఒకే పరిమాణముగల రెండు సీసాలను తారుమారు చేసినచో మాత్రము తూకమునకు తెలియదు. మిగిలిన సరుకును లెక్కింపుమని కోరునపుడు, ఎన్ని ఉండవలెనో పలకపై చూపకుండుట మరియొక జాగ్రత్త. సంఖ్య ముందే కనబడినచో లెక్కించువాడు దానినే చదివి చెప్పును!

ఇండియానాపోలిస్ సంఘటన పిమ్మట, 2007లో, హెపారిన్ పెద్ద మోతాదు సీసా చీటీ రంగును తయారీదారులు మార్చిరి. అక్షరములు పెద్దవి చేసి, చించి తీయవలసిన ఎర్రని హెచ్చరిక చీటీనొకదానిని దానిపై అంటించిరి.